రెండు నీలం కుట్లు

మా మామ పద్దెనిమిదేళ్లు ఒకే నాయకుడి దగ్గర డ్రైవరుగా ఉన్నాడు. ఆ పద్దెనిమిదేళ్లలో నాయకుడు మూడు పార్టీలు మారాడు, నాలుగు కార్లు మార్చాడు, ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడని పేరులో ఒక అక్షరం కూడా మార్చాడు. డ్రైవరును మాత్రం మార్చలేదు. ఆ ఒక్క పనీ ఆయన చేత నేను చేయించాను, నలభై సెకన్లలో.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మావాళ్లు నాలుగు తరాలుగా బెంగళూరులోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ. ఆ నాయకుడు వర్తూరు వైపు ఒక వార్డుకు మాజీ కార్పొరేటరు. మాజీ అని తక్కువగా చూడక్కర్లేదు. ఎన్నికలు జరిగి ఏళ్లయింది కాబట్టి ఊళ్లో కార్పొరేటర్లందరూ మాజీలే. ఆయన్ని అందరూ 'అన్నా' అంటారు, ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా. నేను మామూలు రోజుల్లో ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తాను. ఎక్కడో ఎవరి ప్రింటరో ఆగిపోతే దాని తరఫున ఫోన్లో క్షమాపణ చెప్పడం నా ఉద్యోగం. ఆదివారాలు సభల్లో మైకు పట్టుకుంటాను. ఆ మైకు ఇప్పించింది మామే. ఒకరోజు కారు నడుపుతూ అద్దంలోంచి వెనక్కి చూసి, "అన్నా, మా అక్క కొడుకు ఒగడు ఉండాడు, బాగ నగిస్తాడు" అన్నాడట. అన్నకు ఖర్చు లేని యాంకరు దొరికాడు, నాకు చప్పట్లు దొరికాయి.

యాంకరు అసలు పని ఎవరినో పరిచయం చేయడం కాదు. ముఖ్య అతిథి రాని గంటన్నరను పూడ్చడం. ఈ ఊరి ట్రాఫిక్ ఉన్నంతకాలం మా వృత్తికి ఢోకా లేదు.

ఇక శాలువాల సంగతి చెప్పాలి. బెంగళూరులో ఏ సభ జరిగినా సన్మానం ఉంటుంది. తలమీద మైసూరు పేటా అనే తలపాగా, భుజాలమీద శాలువా, చేతిలో పళ్ల బుట్ట. ఫొటో అయిపోగానే పేటాను తరవాతి మనిషి తలమీదికి మారుస్తారు. పళ్లు కారు దాకా వచ్చేలోపే కార్యకర్తల చేతుల్లో ఉంటాయి. మిగిలేది శాలువా. అన్నకు వారానికి నాలుగైదు శాలువాలు వస్తాయి. అన్న వారానికి నలుగురైదుగురికి శాలువాలు కప్పాలి. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసిన మొదటి మనిషి మా మామ.

వచ్చిన శాలువాలు కారు డిక్కీలో చేరేవి. సోమవారం మామ వాటిని ఇంటికి తెచ్చి, ఇస్త్రీ చేసి, పాత మడతల మీదే మడిచి, వాటి కవర్లలో మళ్లీ పెట్టేవాడు. అంతకుముందు అత్త చేతికి ఇచ్చేవాడు. అత్త ఇంట్లో జాకెట్లు కుడుతుంది. శాలువా మూల లోపలివైపు, వెతికి చూసేవాళ్లకు తప్ప కనబడనట్టు, రంగు దారంతో చిన్న కుట్లు వేసేది. పార్టీవాళ్లు ఇచ్చినదానికి ఎరుపు, సినిమావాళ్లు ఇచ్చినదానికి నీలం, పత్రికలవాళ్లూ టీవీవాళ్లూ ఇచ్చినదానికి పసుపు. కుట్లు ఎన్ని అన్నదాన్నిబట్టి ఇచ్చిన మనిషెవరో మామకు తెలిసేది.

"సినిమావోళ్లది పేపరోళ్లకు పోవల్ల" అని నాకు చిన్నప్పుడే పాఠం చెప్పాడు. "పేపరోళ్లది పార్టీవోళ్లకు. పార్టీవోళ్లది సినిమావోళ్లకు. ఒగ గుంపుది ఆ గుంపుకే పోతే కనిపెట్టేస్తారప్పా. ఇచ్చినోనికే తిరిగి కప్పితే ఇంగ అన్న మానం ఏం కావల్ల?"

"ఎప్పుడైనా అట్ల అయిందా మామా?"

"నేనుండంగా ఎట్ల అయితాది?"

దేశంలో చాలా వ్యవస్థలను చూశాను. ఇంత పద్ధతిగా నడిచింది మాత్రం ఆ డిక్కీ ఒక్కటే.

ఆ ఆదివారం వర్తూరులో ఒక కల్యాణమంటపంలో పిల్లలకు స్కూలు బ్యాగులు పంచే సభ. ముఖ్య అతిథి ఒక పాత హాస్యనటుడు. రెండు భాషల్లోనూ ముప్పై ఏళ్లు తలుపు తీసే పనివాడి వేషాలు వేసి, తీయాల్సిన తలుపులు అయిపోయాక ఇప్పుడు టీవీ పోటీల్లో జడ్జీగా కూర్చుంటున్నాడు. మామ లెక్కలో ఆయన రెండు నీలం కుట్లు. ఆయన కారు చెరువు పక్కన ఇరుక్కుంది. ఆయన్ని తీసుకురావడానికి అన్న, అన్నను తీసుకుపోవడానికి మామ, ఇద్దరూ వెళ్లి వాళ్లూ అక్కడే ఇరుక్కున్నారు. హాల్లో నేనూ, రెండు వందలమంది పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, ముందు వరుసలో మా కాలేజీ స్నేహితురాలూ మిగిలాం. ఆమెది అనంతపురం. ఇక్కడ ఒక చానల్లో రిపోర్టరు. కెమెరాలో పట్టడానికి ఏమీ లేక ఫోనులో నన్ను తీస్తోంది.

"రేయ్, ఏదైనా కొత్తది చెప్పరా, నిద్రొస్తోంది" అంది కింద నుంచి.

నాదగ్గర ఉన్న జోకులన్నీ అయిపోయాయి. సగం తెలుగులో, సగం కన్నడంలో డిక్కీ ఎత్తాను.

"మా అన్న డిక్కీలో శాలువాలకు పార్టీలో నాకంటే సీనియారిటీ ఉంది. ఇవాళ వస్తున్న సారు ఒకసారి అన్నకు శాలువా కప్పారు. ఏడాది తిరక్కుండా అదే శాలువా సారు భుజమెక్కింది. సారు మూల చూసుకుని, 'ఓహో నువ్వా! ఈ కాఫీ మరక నాదే గదా' అని దాన్ని పలకరించారు!"

హాలంతా గొల్లుమంది. రిపోర్టరు కళ్లు తుడుచుకుంటూ, "పెట్టనా?" అని చేత్తో అడిగింది. నేను బొటనవేలు చూపించాను. పెట్టు.

తరవాత అతిథి వచ్చాడు. అన్న శాలువా కప్పాడు. స్టేజీ మీద పక్కనే ఉన్నాను కాబట్టి మూల చూశాను. ఎరుపు, ఒక కుట్టు. వరుస ప్రకారమే వెళ్లింది.

చానల్ వాళ్ల పేజీలో ఆ ముక్క రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. నటుడి ఇంట్లో ఎవరో ఆయనకు చూపించారు. ఆయన బీరువా తెరిచి శాలువాలన్నీ వెతికాడు. కాఫీ మరక ఉన్నది ఒకటి దొరికింది. ఏ ఇంట్లో వెతికినా దొరుకుతుంది, బెంగళూరులో అయితే రెండు దొరుకుతాయి. ఆయన మాత్రం మరక పట్టుకుని అన్నకు ఫోన్ చేశాడు: ఇన్నేళ్లుగా నాది నాకే కప్పుతున్నావా అని.

నాకు ఇదంతా తెలియదు. లైకులు చూసుకుంటున్నాను. బుధవారం అత్త ఫోన్ చేసింది.

"మీ మామ ఇంట్లోనే ఉండాడు" అంది.

"ఏమి, ఒళ్లు బాగలేదా?"

"ఒళ్లు బాగుండాది. తాళాలే లేవు."

కారు తాళాలు అడిగి తీసుకున్నప్పుడు అన్న ఏమన్నాడో అత్త చెప్పింది. "డిక్కీ సంగతి నీకు తప్ప ఎవురికి తెలుసు?" అన్నాడట. అంతే. మామ జవాబు చెప్పలేదట. చెప్పాలంటే నా పేరు చెప్పాలి. స్టేజీ మీద మాట్లాడింది నేనే అని ఊరంతా చూసినా, తప్పు మేనల్లుడిదని తన నోటితో చెప్పడం వేరే కదా.

పది రోజులు నేను వాళ్ల ఇంటివైపు పోలేదు. పని ఎక్కువగా ఉందన్నాను. ఆ పది రోజుల్లో దేశంలో ఒక్క ప్రింటరూ పనిచేయలేదని నా మాటల్ని బట్టి అనుకోవాలి.

పదకొండో రోజు పొద్దున కంపెనీ క్యాబ్ వచ్చింది. మామూలుగా వచ్చే డ్రైవరుకు జ్వరం, వేరే మనిషిని పంపుతున్నామని మెసేజ్. తలుపు తీసి వెనక సీట్లో కూర్చున్నాక చూశాను. స్టీరింగ్ ముందు మామ.

"ఓటీపీ చెప్పండి" అన్నాడు, ముందుకే చూస్తూ.

పుట్టినప్పటినుంచీ నన్ను 'రా, పో' అన్న మనిషి. నాలుగంకెలు చెప్పాను. దారిలో ఇంకో ముగ్గురు ఎక్కారు. అందులో ఒకడికి నన్ను గుర్తుపట్టే తెలివి ఉంది.

"బ్రో, ఆ శాలువా వీడియో నువ్వే కదా? అరే, మావాళ్ల గ్రూపులో మొత్తం అదే!" అని ఫోను తీసి, సౌండు పెంచి పెట్టాడు. నా గొంతు కారంతా నిండింది. డిక్కీ, సీనియారిటీ, మరక. ముగ్గురూ పడిపడి నవ్వారు. నేను మామ మెడ వెనకభాగం చూస్తూ కూర్చున్నాను. క్షౌరం చేయించుకుని చాలా రోజులైనట్టుంది. సిల్క్ బోర్డు దగ్గర సిగ్నల్ పడింది. వాడు ఇంకోసారి పెట్టాడు.

కంపెనీ గేటు దగ్గర వాళ్లు దిగి వెళ్లాక నేను దిగలేదు.

"మామా..."

"మరక యాడిదప్పా?" అన్నాడు మామ.

"ఏంది?"

"డిక్కీ కత చెప్పినావు, చెప్పు. నగినారు, నగనీ. నేనూ ఇంట్లో చెప్పి నగినోణ్నే. కానీ ఆ మరక యాడిది? పద్దెనిమిదేండ్లలో ఒగటన్నా ఇచ్చినోనికే తిరిగి పోయిండాదా? అది సుళ్ళు గదా. ఒట్టి అబద్ధం."

"జోకుకు చివర ఏదో ఒకటి ఉండాల మామా. లేకుంటే నగరు."

"ఊఁ" అన్నాడు. "ఆ చివర వచ్చి నా నెత్తిన పడింది. దిగప్పా, ఇంగ రెండు ట్రిప్పులుండాయి" అన్నాడు.

అప్పటిదాకా నేననుకున్నది ఉద్యోగం పోయిందని మామ బాధ అని. కారు తోలేవాడికి బెంగళూరులో పని దొరక్కపోదు. మామకు పోయింది వేరే. తను ఒక్కడే పట్టుకుని ఉన్న ఒక పని, ఎవరూ చూడని పని, ఒక్కసారి కూడా తప్పలేదని తనకు మాత్రమే తెలిసిన పని, తప్పిందని ఊరంతా నవ్వుతోంది. అదీ నా నోటినుంచి విని.

బయల్దేరాను. మొదట రిపోర్టరు దగ్గరికి.

"తీసేయవే తల్లీ."

"నా చేతిలో లేదురా, డెస్క్ వాళ్లది. మా హెడ్ చెప్తేనే తీస్తారు. మీ అన్న ఒక్క కాల్ చేస్తే మా హెడ్ రెండు నిమిషాల్లో తీయిస్తాడు, వాళ్లిద్దరూ చాలా క్లోజ్. ఏం, నీకు తెలీదా?"

అన్న దగ్గరికి వెళ్లాను. ఆఫీసులో గోడమీద అన్న ఫొటోలు. ప్రతి ఫొటోలో ఎవరో ఒకరికి శాలువా కప్పుతున్నాడు, లేదా కప్పించుకుంటున్నాడు.

"నాకేమప్పా, నేను అప్పుడే మర్చిపోయినా" అన్నాడు. "సారుకే బేజారైపోయిండాది. సారు ఒక మాట 'పోనీలే' అంటే నేను చానల్‌కు గూడ చెప్తా, మీ మామను గూడ పిలుస్తా. ముందు సారును చూడు."

నటుడి ఇంటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. శాలువా కూడా తెచ్చి టీపాయ్ మీద పరిచారు. మరక చూపించారు. దాని మూల తిప్పి చూశాను. ఏ రంగు కుట్టూ లేదు. మా డిక్కీ మొహం ఎరగని శాలువా అది.

"సార్, ఇది మా అన్న కప్పిందే కాదు" అన్నాను.

"మరక ఉందిగా?" అన్నారు.

"మరక నేను కల్పించింది సార్."

"మీరు కల్పిస్తే నా ఇంట్లోకి ఎట్లా వచ్చింది?" అన్నారు. మనిషి మంచివాడే. కాసేపటికి తనే తగ్గి, "నాకు కోపం లేదు బాబూ. ఆ చానల్ వాళ్లు నా కొత్త షో మీద ఇంటర్వ్యూ వేస్తామని నెల్లాళ్లుగా తిప్పుతున్నారు. అదొకటి అయిపోతే మనసు కొంచెం తేలికపడుతుంది" అన్నారు.

రిపోర్టరుకు ఫోన్ చేశాను. ఇంటర్వ్యూ కూడా హెడ్ చేతిలోనే ఉందట. హెడ్ మళ్లీ అన్న చేతిలో. నటుడి నుంచి చానల్‌కు, చానల్ నుంచి పార్టీకి, పార్టీ నుంచి నటుడికి. మామ శాలువాలను ఏ వరుసలో తిప్పాడో అదే వరుసలో నన్నూ తిప్పారు. ఇస్త్రీ మాత్రం చేయలేదు.

రెండు చుట్లు తిరిగాక అన్నకే విసుగొచ్చింది. "వచ్చే ఆదివారం నా బర్త్‌డే. సారు వస్తాడు, చానలోళ్లూ వస్తారు. మైకులో అది సుమ్నే, ఊరికే చెప్పినానని చెప్పేసెయ్. మీ మామ సంగతి చూద్దాం" అన్నాడు. నాయకుడి నోట 'చూద్దాం' విన్నవాళ్లు మా వార్డులో చాలామంది ఉన్నారు. చూసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. అయినా సరే అన్నాను.

వెళ్లేముందు మామకు చెప్పాను. "చెప్తే చెప్పు. మరక సంగతి మాత్రం సరిగ్గా చెప్పు" అన్నాడు. "నేను రాను."

ఆదివారం పదకొండు గంటలకు సభ. కేకు విధానసౌధ ఆకారంలో ఉంది. అన్న దాన్ని ఏ వైపునుంచి కోయాలో తెలియక కాసేపు చుట్టూ తిరిగాడు. ముందు వరుసలో నటుడు, ఆయన పక్కన చానల్ హెడ్, వెనక కెమెరాతో రిపోర్టరు. అతిథులు ఆ రోజు సమయానికే వచ్చారు. పూడ్చడానికేమీ లేదు. మైకు తీసుకున్నాను. కాగితం మీద రాసుకున్నాను కూడా, ఎప్పుడూ రాసుకోనివాణ్ని.

"పోయినసారి నేనొక శాలువా కథ చెప్పాను. అందులో కాఫీ మరక అబద్ధం" అన్నాను.

నవ్వారు. కొంచెమే, మొదట్లో నవ్వినట్టు.

"ఆ శాలువా సారుకు తిరిగి రాలేదు. ఏ శాలువా కూడా ఇచ్చినవాళ్ల దగ్గరికి తిరిగి రాలేదు. పద్దెనిమిదేళ్లు ఒక మనిషి అట్లా రాకుండా చూశాడు."

ఇంకా గట్టిగా నవ్వారు. నటుడు తొడ మీద చరుచుకున్నారు.

"ఆయన మా మామ. దీనికోసం ఆయన పని పోయింది."

హాలంతా ఊగిపోయింది. వెనకనుంచి ఎవడో, "మామకు ఒగ శాలువా కప్పండప్పో!" అని అరిచాడు. నేను కాగితం మడిచేశాను. "నిజంగా చెప్తున్నా" అన్నాను. ఆ మాటకు వచ్చినంత నవ్వు నా జీవితంలో ఏ జోకుకూ రాలేదు. చానల్ హెడ్ పక్కకు వంగి నటుడి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నావైపు చూసి మెచ్చుకోలుగా తలాడించారు. రిపోర్టరు ఒక్కతే నవ్వలేదు. ఆమె ఫోను కూడా ఎత్తలేదు.

"మన పిల్లోడు! ఇట్లాంటి టాలెంట్‌ను మనమే ప్రోత్సహించవల్ల" అని అన్న మైకు లాక్కున్నాడు. "సార్, మీ చేతుల మీదుగానే..."

అన్న బామ్మర్ది, అంటే కొత్త డ్రైవరు, పరుగెత్తి ఒక కవరు తెచ్చాడు. నా తలమీద పేటా పెట్టారు. అంతకుముందు ఎవరి తలమీదుందో గానీ ఇంకా వెచ్చగా ఉంది. నటుడు శాలువా విప్పి నా భుజాల మీద కప్పారు. ఫొటోకు సరిచేసుకుంటుంటే మూల నా చేతిలోకి వచ్చింది.

నీలం. రెండు కుట్లు.

ఆయన ఎప్పుడో అన్నకు కప్పినది. ఆయన చేతికే తిరిగొచ్చింది. ఆయన దాని జరీ మీద చెయ్యి వేసి, సర్ది, "బాగుంది, మంచి క్వాలిటీ" అన్నారు. అన్న అవునన్నాడు. ఫొటో తీశారు.

దిగుతుంటే అన్నను పక్కకు పిలిచి మామ సంగతి అడిగాను. "బామ్మర్ది ఇప్పుడిప్పుడే కుదురుకుంటా ఉండాడప్పా. చూద్దాం" అన్నాడు.

మధ్యాహ్నం మామ ఇంటికి వెళ్లాను. అత్త మిషను ముందుంది. మామ నా మొహం చూడలేదు, నా చేతిలో శాలువా చూశాడు. తీసుకుని, అలవాటుగా మూల తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాడు.

"ఎవురు కప్పిరి?"

"సారే."

"ఆయప్పే?"

"ఆయనే."

"అన్న పక్కనుండెనా?"

"ఉండె."

మామ కుర్చీలో కూర్చున్నాడు. శాలువా ఒళ్లో ఉంది. అత్త మిషను ఆపింది.

"ఎవురైనా చూసిరా?" అన్నాడు మామ.

ఇక్కడ నాకు ఒక చివర కావాలి. చెప్పడం కష్టమేం కాదు. సారు మూల చూసి ఉలిక్కిపడ్డారని, అన్న మొహం మాడిపోయిందని, ఆ నిమిషాన ఇద్దరికీ నువ్వే గుర్తొచ్చావని చెప్పవచ్చు. నమ్మేవాడు కూడా. నాలుగు రోజులు బాగా నిద్రపోయేవాడు. నోటిదాకా వచ్చింది.

"ఎవరూ చూడలేదు మామా" అన్నాను. "సారు పట్టుకుని మరీ బాగుందన్నారు. తనదని తెలియలేదు."

మామ ఆ రెండు కుట్లనూ వేలితో తడిమాడు. అత్తే అంది, "అట్లయితే ఇన్నేండ్లూ నా దారం ఎవురి కోసరం కుట్టినట్టు?"

మామ శాలువాను పాత మడతల మీదే మడిచి పక్కన పెట్టాడు. తరవాత ఫోన్ తీసి, ఆ బామ్మర్దికి కలిపాడు. వాడు ఎత్తలేదు. మళ్లీ కలిపాడు.

"ఏం చెప్తావు మామా వానికి?"

"నీలంవి ఎడమపక్క కట్టలో ఉండాయని. ఎవురూ చెప్పిండరు వానికి. ఈ పొద్దు చూళ్ళేదు సరే, ఒగదినం చూస్తారు గదా" అన్నాడు, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని. అవతల రింగవుతూనే ఉంది.

అత్త కాఫీ తెచ్చి నాకిచ్చి, మామ పక్కన, శాలువా ఉన్న చోటే కూర్చోమంది. కూర్చున్నాను. మామ మూడోసారి కలుపుతున్నాడు. నేను గ్లాసును రెండు చేతులతో, శాలువాకు దూరంగా పట్టుకున్నాను.